టెక్సాస్ జట్టా, కాలిఫోర్నియా జట్టా: ఆటగాడి చేతికి ఎక్కడ ఎక్కువ మిగులుతుంది?

సన్‌రైజర్స్ హైదరాబాద్ నుంచి ముంబయి ఇండియన్స్‌కి మారిన ఆటగాడికి ఆదాయపు పన్నులో తేడా ఏమీ రాదు. మన దగ్గర జీతం మీద ఆదాయపు పన్ను కేంద్రానిదే. రాష్ట్రం వసూలు చేయగలిగేది వృత్తి పన్ను ఒక్కటే, రాజ్యాంగం 276వ అధికరణ ప్రకారం అది ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదు. అమెరికాలో ఫెడరల్ పన్ను అందరికీ ఒకటే అయినా, దానిపైన రాష్ట్రం తన వాటా తాను వేసుకుంటుంది. కాలిఫోర్నియాలో 10 లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద 13.3 శాతం, న్యూజెర్సీలో 10.75 శాతం. న్యూయార్క్ రాష్ట్రంలో 2.5 కోట్ల డాలర్ల పైన 10.9 శాతం, న్యూయార్క్ నగరంలోనే కాపురముంటే మరో 3.876 శాతం. మసాచుసెట్స్‌లో మామూలు రేటు 5 శాతమే కానీ 2023 నుంచి సుమారు 10 లక్షలు దాటిన ఆదాయానికి మరో 4 శాతం కలుస్తోంది. టెక్సాస్, ఫ్లోరిడా, టెన్నెసీ, నెవాడాల్లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు.

ఈ రేట్లు చూసి టెక్సాస్ జట్టుకి సంతకం పెడితే 13.3 శాతం మొత్తం మిగులుతుందనుకోవడం పొరపాటు. ఆటగాడు ఏ రాష్ట్రంలో ఆడితే ఆ రాష్ట్రం ఆ రోజుల జీతం మీద పన్ను వసూలు చేస్తుంది. దీన్నే జాక్ ట్యాక్స్ (జాక్ అంటే క్రీడాకారుడు) అంటారు. 1991లో బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో లాస్ ఏంజెలెస్ లేకర్స్‌ని ఓడించి వెళ్లిన షికాగో బుల్స్ ఆటగాళ్లకి కాలిఫోర్నియా పన్ను వేసింది. దానికి బదులుగా ఇల్లినాయ్ ఒక చట్టం చేసింది, దానికి ‘మైఖేల్ జోర్డన్ ప్రతీకారం’ అని పేరుపడింది. ఆ తర్వాత మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. ఇది స్టార్లకే కాదు, జట్టుతో తిరిగే కోచ్‌కీ, ఫిజియోకీ వర్తిస్తుంది. పది పన్నెండు రాష్ట్రాల్లో రిటర్నులు వేయాల్సి రావడం కోట్లు సంపాదించేవాడికి లెక్కలోది కాదు, ట్రెయినర్‌కి మాత్రం ఆడిటర్ ఫీజే బరువు.

లెక్క కట్టేది మ్యాచ్‌ల మీద కాదు, ‘డ్యూటీ డేస్’ మీద. శిక్షణ శిబిరం మొదలైన రోజు నుంచి చివరి మ్యాచ్ దాకా జట్టు పనిలో ఉన్న రోజులన్నీ అందులోకొస్తాయి. ఆ రాష్ట్రంలో గడిపిన రోజుల్ని మొత్తం రోజులతో భాగించి జీతంతో గుణిస్తారు. క్లీవ్‌లాండ్ నగరం మ్యాచ్‌ల సంఖ్యతో భాగించి ఎక్కువ గుంజుతుంటే 2015లో ఒహాయో సుప్రీంకోర్టు చెల్లదంది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మ్యాచ్‌లు తక్కువ, పనిరోజులు చాలా ఎక్కువ, అందుకే రెండు పద్ధతులకీ అంత తేడా. గాయపడి ఇంట్లో ఉన్న రోజులు కూడా మొత్తంలో కలుస్తాయి, కానీ కాలిఫోర్నియా వాటిని తన ఖాతాలో వేసుకోదు. జట్టు అకౌంటెంట్ ఈ రోజుల్ని తప్పుగా రాస్తే నష్టం ఆటగాడిదే కాబట్టి క్యాలెండర్ సొంతంగా రాసుకోవాలి.

ఇప్పుడు 2 కోట్ల డాలర్ల జీతమున్న ఎన్‌బీఏ ఆటగాడిని తీసుకుందాం. లెక్క తేలిక కోసం 170 డ్యూటీ డేస్ అనుకుందాం. 2 కోట్ల మీద కాలిఫోర్నియా సగటు రేటు 13.2 శాతం దాకా వస్తుంది, మిగతా పన్ను రాష్ట్రాల సగటు 6 శాతం అనుకుందాం.

కాలిఫోర్నియా జట్టు, ఇల్లూ కాలిఫోర్నియాలోనే: రాష్ట్ర పన్నులు దాదాపు 26.4 లక్షలు. బయట రాష్ట్రాల్లో కట్టినదానికి సొంత రాష్ట్రం క్రెడిట్ (తన పన్నులో ఆ మేరకు తగ్గింపు) ఇస్తుంది, కానీ రేటు ఇక్కడే ఎక్కువ కాబట్టి చివరికి కాలిఫోర్నియా రేటే పడుతుంది.

కాలిఫోర్నియా జట్టు, సొంతిల్లు ఫ్లోరిడాలో: 120 రోజులు కాలిఫోర్నియాలో, 40 రోజులు ఇతర పన్ను రాష్ట్రాల్లో, 10 రోజులు పన్ను లేనిచోట గడిపితే సుమారు 21.5 లక్షలు.

టెక్సాస్ జట్టు, ఇల్లు టెక్సాస్‌లో: లేకర్స్, క్లిప్పర్స్, వారియర్స్, కింగ్స్‌తో ఆడటానికి కాలిఫోర్నియాలో 11 రోజులు, ఇతర పన్ను రాష్ట్రాల్లో 30 రోజులు. మొత్తం 3.8 లక్షలు. సొంత రాష్ట్రంలో పన్నే లేదు కనుక వీటికి క్రెడిట్ ఇచ్చేవాళ్లుండరు.

మొదటిదానికీ మూడోదానికీ తేడా 22.6 లక్షలు, అంటే జీతంలో 11 శాతం పైచిలుకు. ఫెడరల్ పన్ను, మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా కోసం జీతంలో కోత) కలిపి 39 శాతం దాకా ముందే పోతాయి కాబట్టి, కాలిఫోర్నియాలో 2 కోట్ల జీతమిస్తే చేతికొచ్చేది టెక్సాస్‌లో 1.62 కోట్లిస్తే వస్తుంది. 2024 నుంచి కాలిఫోర్నియా ఎస్‌డీఐ (రాష్ట్ర వైకల్య బీమా) కోతకి జీతం పరిమితి ఎత్తేశారు, 2025లో అది 1.2 శాతం. దాన్నీ కలిపితే టెక్సాస్‌లో 1.58 కోట్లు చాలు.

2017 దాకా తేడా ఇంత లేదు. రాష్ట్రానికి కట్టిన పన్నుని ఫెడరల్ ఆదాయంలోంచి తీసేసుకునేవాళ్లు. 2018 నుంచి ఆ మినహాయింపు 10,000 డాలర్లకి దిగింది. 2025 చట్టం దాన్ని 40,000కి పెంచినా, ఆదాయం 6 లక్షలు దాటినవాళ్లకి మళ్లీ 10,000 దగ్గరే ఆపింది. ఏజెంట్ కమిషన్‌కి మినహాయింపూ 2018తోనే పోయింది.

ఇంతవరకు ఆటగాడి జేబు. జట్టుకి ఎంత దెబ్బ అన్నది లీగ్ నిబంధనల్ని బట్టి ఉంటుంది. అందరికంటే నొప్పి ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో. అక్కడ జీతాల పరిమితి కచ్చితం, 2025-26కి జట్టుకి 9.55 కోట్ల డాలర్లు, మామూలుగా దాటడానికి వీల్లేదు. రాష్ట్ర పన్ను లేదన్న లెక్కతో ఒక్కో ప్రధాన ఆటగాడు పది లక్షలు తగ్గించుకుని సంతకం పెడితే, ఏడెనిమిది మంది దగ్గర మిగిలినదాంతో ఇంకో మంచి డిఫెన్స్‌మన్ వస్తాడు. ఫ్లోరిడా పాంథర్స్ 2025 వేసవిలో బెనెట్‌ని ఏడాదికి 80 లక్షలకి, ఎక్‌బ్లాడ్‌ని 61 లక్షలకి, మార్షాండ్‌ని 52.5 లక్షలకి నిలుపుకోగలగడం వెనక ఈ లెక్క లేదంటే నమ్మడం కష్టం. 2020 నుంచి 2025 దాకా ఆరు స్టాన్లీ కప్‌లలో (ఎన్‌హెచ్ఎల్ టైటిల్) ఐదు టాంపా, వేగస్, ఫ్లోరిడా జట్లవే, అన్నీ పన్ను లేని రాష్ట్రాలవే. అలాగని పన్నే కప్పు తెచ్చిపెట్టదు. ఇదే పాంథర్స్ జట్టు, ఇదే పన్ను లేని రాష్ట్రంలో, 1996 తర్వాత 2022 దాకా ఒక్క ప్లేఆఫ్ సిరీస్ గెలవలేదు. జట్టుని నడపడం తెలిసిన యాజమాన్యం చేతిలోనే ఈ డబ్బు పనికొస్తుంది.

ఎన్‌బీఏలో మ్యాక్స్ కాంట్రాక్టు దగ్గర తేడా బయటపడుతుంది. గరిష్ఠ జీతం అన్ని జట్లకీ ఒకటే కాబట్టి కాలిఫోర్నియా జట్టు పన్ను భర్తీ చేద్దామన్నా చేయలేదు. దానికి విరుగుడుగా సొంత ఆటగాడికి ఐదో ఏడాది, ఏటా 8 శాతం పెంపు ఇవ్వచ్చు. బయటి జట్టు నాలుగేళ్లు, 5 శాతం దగ్గరే ఆగాలి. బేస్‌బాల్‌లో పరిమితే లేదు, ఖర్చు మితిమీరితే లీగ్‌కి లగ్జరీ ట్యాక్స్ కట్టాలంతే. 2024, 2025 టైటిళ్లు రెండూ గెలిచింది లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్. అక్కడ డబ్బున్న యజమాని పన్నుని చెక్కుతోనే సరిచేస్తాడు.

జట్టు చిరునామా కంటే డబ్బు ఏ రూపంలో వస్తుందన్నదే ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం. సైనింగ్ బోనస్‌ని చాలా రాష్ట్రాలు ఆటగాడి నివాస రాష్ట్రానికే వదిలేస్తాయి, కానీ షరతులున్నాయి: బోనస్ ఆడటం మీద ఆధారపడకూడదు, జీతం నుంచి వేరుగా చెల్లించాలి, తిరిగి ఇచ్చేయాల్సిన అవసరం ఉండకూడదు. ఏజెంట్ రాసిన కాంట్రాక్టులో ‘జట్టు వదిలితే వెనక్కివ్వాలి’ అన్న ఒక్క వాక్యం చాలు, అది జీతమైపోయి డ్యూటీ డేస్ కిందికి వస్తుంది. రెండో దారి డాడ్జర్స్ బేస్‌బాల్ స్టార్ ఒటానీది. 70 కోట్ల డాలర్ల కాంట్రాక్టులో 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా అందుతాయి. పదేళ్లకి తగ్గకుండా సమాన వాయిదాల్లో ఇచ్చే వాయిదా జీతాన్ని, ఆనాటికి వేరే రాష్ట్రంలో ఉంటున్నవాడి దగ్గర సంపాదించిన రాష్ట్రం వసూలు చేయకూడదని 1996 ఫెడరల్ చట్టం. అప్పటికి అతను కాలిఫోర్నియా వదిలితే, 2024 రేట్ల ప్రకారం 14.4 శాతం, అంటే దాదాపు 9.8 కోట్లు ఆ రాష్ట్రానికి రావు. రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే కంట్రోలర్ 2024లో దీనికి పరిమితి పెట్టమని కాంగ్రెస్‌ని కోరారు.

మన పాఠకులకి అమెరికాలోని మేజర్ లీగ్ క్రికెట్ దగ్గరి ఉదాహరణ. శాన్ ఫ్రాన్సిస్కో యునికార్న్స్ 2023లో కాలిఫోర్నియాలో ఒక్క మ్యాచ్ ఆడలేదు, ఆ సీజన్ మొత్తం టెక్సాస్‌లోని గ్రాండ్ ప్రెయిరీలో, నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో జరిగింది. 2025లో ఓక్లాండ్‌లో ఆడారు. పన్ను జెర్సీ మీది పేరుకి కాదు, మైదానం ఉన్న రాష్ట్రానికి. ఫ్రిస్కోలో ఇల్లుండి నెలకోసారి శాన్‌హోసే క్లయింట్ దగ్గరికి వెళ్లే తెలుగు ఇంజనీర్‌కి కూడా కాలిఫోర్నియా ఇదే పనిరోజుల లెక్క వేస్తుంది.

ఇక ఎవరికి ఏది మేలు. కెరీర్ నాలుగైదేళ్లే ఉండే మధ్యస్థాయి ఆటగాడు, హాకీ ఆటగాడు, మ్యాక్స్ దగ్గరికి చేరిన బాస్కెట్‌బాల్ ఆటగాడు, ఆఫర్లు సమానంగా ఉంటే టెక్సాస్, ఫ్లోరిడాలకే వెళ్లాలి. పెద్ద ఎండార్స్‌మెంట్లున్న స్టార్‌కి, బేస్‌బాల్ ఆటగాడికి జట్టూ నగరమే ముఖ్యం, పన్ను సంగతి కాంట్రాక్టు రాతలో చూసుకోవచ్చు. పైన వేసిన మూడు లెక్కల్లో రెండోది, అంటే కాలిఫోర్నియాలో ఆడుతూ ఫ్లోరిడా నివాసి అనిపించుకోవడం, కాగితం మీద 5 లక్షలు మిగులుస్తుంది కానీ ఆడిట్‌లో ముందు పట్టుబడేదీ అదే. భార్యాబిడ్డలు ఎక్కడున్నారు, పిల్లల బడి, డాక్టరు, కార్ల రిజిస్ట్రేషన్, ఓటు, క్రెడిట్ కార్డు వాడిన ఊళ్లు, అన్నీ తిరగేస్తారు. న్యూయార్క్ అయితే ఇల్లుండి 183 రోజులు దాటితే చాలు, మిగతావేవీ అడగదు. ఫ్లోరిడా డ్రైవింగ్ లైసెన్స్ ఒక్కటే చూపించి, పిల్లల్ని లాస్ ఏంజెలెస్ బడిలో చేర్చిన ఆటగాడికి ఆ 5 లక్షలతోపాటు వడ్డీ, పెనాల్టీ, లాయర్ ఫీజు తోడవుతాయి.