అతికిన చేతి గుర్తు లేని స్టీలు సైకిలు ఫ్రేము: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఇంగ్లండులోని ఒక చిన్న కార్ఖానాలో నా కొలతలకు చేయించుకున్న ఈ సైకిలు ఫ్రేము సవారీలో నాకు ఏ లోటూ చేయలేదు. నడుము పొడవు, కాళ్లు పొట్టి అయిన నాకు దుకాణాల్లోని సైజులేవీ కుదరలేదు, ఇది కుదిరింది. నా ఫిర్యాదంతా ఒక్కటే: దీని గొట్టాలను అతికినవారు తమ గుర్తు ఎక్కడా వేయలేదు.

పేరు వేయకపోవడం ఆ కార్ఖానా పద్ధతి. గొట్టం రెనాల్డ్స్ 725 అనే రకం ఉక్కుదని చెప్పే చిన్న స్టిక్కరు తప్ప మరో అక్షరం లేని ఆ ముదురాకుపచ్చ రంగును మొదట్లో అందరికీ మెచ్చుకుంటూ చెప్పాను. చూపుకు అది ఇప్పటికీ బాగుంటుంది, అంతవరకే.

కిందటి చలికాలంలో వెనక చక్రపు ఇరుసు కూర్చునే కుడివైపు డ్రాపౌట్ దగ్గర, అతుకు వెంబడి సన్నని పగులు కనిపించింది. అప్పటికే కార్ఖానా మూతపడింది. మరమ్మతుకు ఒప్పుకున్నాయన అడిగిన మొదటి ప్రశ్న, అతుకు ఇత్తడిదా, వెండి కలిపినదా అని. వెండి కలిపిన అతుకు ఏడువందల డిగ్రీల లోపే కరుగుతుంది, ఇత్తడికి తొమ్మిదివందల దాకా కావాలి. పైగా పాత వెండి మిగిలిన చోట ఇత్తడి సరిగా పట్టదు. నా కొలతలు తీసుకున్న వ్యక్తిని వెతికి పట్టుకుంటే, అక్కడ ముగ్గురు అతికేవారని, ఒకరు వెండి, మిగతావారు ఇత్తడి వాడేవారని, నాది ఎవరు చేశారో గుర్తు లేదని చెప్పారు. పెడళ్ల ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్ అడుగున కొట్టిన అంకెలకు అర్థం చెప్పే పుస్తకం ఎవరి దగ్గరా లేదు. చివరికి రంగు గీకి, లోహాన్ని ఆకురాయితో రుద్దితే పసుపుపచ్చగా ఇత్తడి బయటపడింది. పక్కన రెండు పొడి అక్షరాలు ఉంటే ఒక్క ఫోనుతో తేలే సంగతికి వారాలు పట్టాయి.

గొట్టం మీద పెద్దగా రాసే పేరును నేను కోరడం లేదు. 1972లో మెక్సికో సిటీలో బెల్జియం పందెగాడు ఎడ్డీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కిన సైకిలు మీద విండ్సర్ అని ఉంది; చేసింది ఇటలీకి చెందిన ఎర్నెస్టో కొల్నాగో. అలాంటి పేరు ప్రకటనకు పనికొస్తుంది గాని మరమ్మతుకు కాదు. జపాన్‌లో ట్రాక్ మీద జరిగే కేరిన్ సైకిలు పందేల ఫ్రేములకు, ఆ పందేలకు ఆమోదించినట్టు, బాటమ్ బ్రాకెట్ అడుగున ఎన్‌జేఎస్ ముద్ర లోహంలోనే కొడతారు; ఎన్నిసార్లు రంగు మార్చినా అది పోదు. దళసరి లోహం గనుక అక్కడ ముద్ర కొట్టినా గొట్టానికి బలహీనత రాదు. నా మరమ్మతు చేసినాయన చేత ఆయన పొడి అక్షరాలు, సంవత్సరం అక్కడే కొట్టించుకున్నాను.

ఒక్కరే కూర్చుని చేసే కార్ఖానా మీ ఊళ్లోనే ఉంటే ఈ బాధ మీకు ఎదురుకాకపోవచ్చు. నాలా ఉద్యోగం కోసం ఊళ్లు మారేవారు, సామాను కట్టుకుని వానలో తొక్కేవారు మాత్రం డబ్బు కట్టే ముందే గుర్తు గురించి అడగాలి. ఇదే ఫ్రేము మళ్లీ చేయించుకుంటానా అంటే, నా కొలతలకు ఇంకెవరూ దొరకకపోతే చేయించుకుంటాను, ఆ ముద్ర వేస్తామని కాగితం మీద రాసిస్తేనే.