కుట్టుపని బాగుంది, హోదాల చీటీలే తారుమారు

ఉలాన్‌బాటర్‌లో ఫొటోల కోసం మంగోల్ ప్రభువుల దుస్తులు అద్దెకిచ్చే దుకాణం ఇది. కుట్టుపనిని మెచ్చుకోవాల్సిందే: జరీ పోగులు లేవలేదు, అస్తరు మంచి గుడ్డ, కాలర్ మెడకు సరిగ్గా కూర్చుంటుంది. చిక్కంతా దుస్తులకు కట్టిన చీటీలతోనే.

'చిన్ వాన్' అనే పెద్ద హోదా పేరు రాసిన ముదురు నీలం పైకోటుకు ఛాతీ మీద చదరపు పట్టీ కుట్టారు. చైనాతో పాటు మంగోలియానూ ఏలిన చింగ్ వంశపు నియమాల్లో అది గున్ హోదావారిది. పెద్ద నుంచి చిన్నకు హోదాల వరుస ఇది: చిన్ వాన్, జున్ వాన్ (ఈ రెండూ వాన్‌లే), బేయ్ల్, బేయ్స్, గున్, ఆ కింద తైజ్. వాన్‌కైతే ఛాతీ, వీపు, రెండు భుజాలు కలిపి నాలుగు గుండ్రటి పట్టీలు, డ్రాగన్ పాదానికి ఐదేసి గోళ్లు ఉండాలి. చిన్ వాన్‌కు ఛాతీ మీదా వీపు మీదా ఉన్న డ్రాగన్లు మనకేసి చూస్తాయి, జున్ వాన్‌కు నాలుగూ పక్కకే తిరిగి ఉంటాయి. బేయ్ల్‌కూ బేయ్స్‌కూ గుండ్రటి పట్టీలు రెండే, గోళ్లు నాలుగేసి. మొదటివారి డ్రాగన్ మనకేసి చూస్తుంది, రెండోవారిది పక్కకు తిరిగి ఉంటుంది. కాబట్టి చీటీ పక్కనపెట్టి గోళ్లు లెక్కపెట్టి ఎంచుకోండి.

ఈ మెట్ల మధ్య తేడా చిన్నదేమీ కాదు. చిన్ వాన్‌కు ఏడాదికి 2000 లాన్ల (పాత తూకం) వెండి, 25 తానుల పట్టు ముట్టేవి. బేయ్స్‌కు 500 లాన్లు, 10 తానులే.

టోపీలు కూడా కలిసిపోయాయి. మూడు కన్నుల నెమలి ఈక బేయ్స్‌ది, రెండు కన్నులది గున్‌ది. ఇక్కడ మూడు కన్నుల ఈకను తైజ్ టోపీకి గుచ్చారు. అడిగి మార్పించుకోండి.

'జాసక్' పేరుతో విడిగా ఒక జత పెట్టడం అసలు తప్పు. జాసక్ అంటే ఖోషూ అనే మంగోల్ పాలనా విభాగాన్ని ఏలే పదవి. వాన్ అయినా తైజ్ అయినా ఆ పదవిలో ఉండొచ్చు, దుస్తులు మాత్రం ఎవరి హోదావి వారివే. ఆ నీలం పైకోటునే 'చెంఘిజ్ ఖాన్' అని ఇవ్వడం మరీ అన్యాయం. ఖల్ఖా అనే మంగోల్ తెగ ప్రభువులకు ఈ వరుస హోదాలు వచ్చింది 1691లో, దోలోన్‌నోర్ సభలో. చెంఘిజ్ కాలం 13వ శతాబ్దం.

పాత ఖల్ఖా స్త్రీల కొమ్ముల కేశాలంకరణ మాత్రం తప్పక అడిగి వేసుకోండి. వెండి టోపీ, రెక్కల్లా విచ్చుకున్న జుట్టు, కొనల పిన్నులు అన్నీ సరిగ్గా అమర్చారు. అది పెళ్లైన స్త్రీల అలంకారం, బరువు ఎక్కువ, అందుకే చివర్లో పెట్టించుకోవాలి.

పైకోటు ముందు నడిమికి తెరుచుకుంటుంది, డ్రాగన్ రెండు ముక్కలవుతుంది. మొదట పట్టీ దగ్గరి గుండీ పెట్టి తర్వాత పైవి పెడితేనే ముఖం కలుస్తుంది.