డీవీఆరా, ఎన్‌వీఆరా? ముందు గోడలో ఉన్న వైరు చూడండి

కోఠి గుజరాతీ గల్లీలో సీసీ కెమెరాలు కొనడానికి వెళ్తే మొదట మెగాపిక్సెళ్ల లెక్కే చెబుతారు. ఏ రికార్డర్ తీసుకోవాలన్నది, అంటే కోయాక్సియల్ కేబుల్ మీద అనలాగ్ కెమెరాలతో పనిచేసే డీవీఆరా, నెట్‌వర్క్ కేబుల్ మీద ఐపీ కెమెరాలతో పనిచేసే ఎన్‌వీఆరా అన్నది మాత్రం మీ ఇంట్లో, షాపులో ఇప్పటికే ఉన్న కేబుల్‌ని బట్టి తేలాలి.

పాత ఇంట్లో కోయాక్సియల్ కేబుల్ (టీవీ కేబుల్ లాంటిది, షాపుల్లో 3+1 అంటారు) కన్సీల్డ్ పైపుల్లో ఉండి, బాగానే ఉంటే ఎన్‌వీఆర్ కోసం గోడలు పగలగొట్టొద్దు. మంచి ఎక్స్‌వీఆర్ (డీవీఆర్‌లో కొత్త రకం) చాలు. పాత అనలాగ్ కెమెరాలతో పాటు ఒకటి రెండు ఐపీ కెమెరాలను కూడా చాలా మోడళ్లు తీసుకుంటాయి. 2 మెగాపిక్సెల్ చిత్రం గేటు, వరండా, మెట్లకు సరిపోతుంది. ఈ పద్ధతిలో ఎక్కువగా దెబ్బతినేది కరెంటు దగ్గరే. పగలు బాగా పనిచేసే కెమెరా రాత్రి కాగానే ఆగిపోయి మళ్లీ ఆన్ అవుతుంటే కెమెరాను అనుమానించకండి. చీకటి పడగానే ఐఆర్ (చీకట్లో చూడడానికి వాడే ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలిగి ఎక్కువ కరెంటు లాగుతాయి. 12 వోల్టుల ఎస్‌ఎమ్‌పీఎస్ (కెమెరాలకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) కింది అంతస్తులో ఉండి కెమెరా మూడో అంతస్తు మీద ఉంటే, సన్నని వైరులో వోల్టేజీ పడిపోతుంది. రాత్రి పూట కెమెరా దగ్గరే మల్టీమీటర్ పెట్టి చూడండి. 11 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే దగ్గరలో విడి అడాప్టర్ పెట్టించాలి. ఇక వానాకాలంలో చిత్రం మీద గీతలు వస్తే కేబుల్ కొనలో ఉండే బీఎన్‌సీ కనెక్టర్‌కి తుప్పు పట్టి ఉంటుంది, ముందు అది మార్చండి.

కొత్తగా కడుతున్న ఇల్లు, ఆఫీసు, గోడౌన్ అయితే పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతి) ఉన్న ఎన్‌వీఆర్ మేలు, ఇందులో సందేహం లేదు. ఒకే క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్‌లో చిత్రం, మాట, కరెంటు మూడూ వెళ్తాయి. కరెంటు దాదాపు 48 వోల్టుల మీద వస్తుంది కాబట్టి అదే వాటేజీకి 12 వోల్టులతో పోలిస్తే నాలుగో వంతు ఆంపియర్లే పారతాయి, రాత్రి రీస్టార్ట్ గోల తగ్గుతుంది. పొడవు 100 మీటర్లు దాటకూడదు. దాటితే మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ పెట్టాలి. కేబుల్ పూర్తి రాగిదే అడగండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న చవక కేబుల్‌తో పీఓఈ దూరం పెరిగేకొద్దీ మొరాయిస్తుంది. చూసి పోల్చుకోవడం సులువే: కొన గోరుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది.

ఎన్‌వీఆర్ డబ్బా మీద రెండు అంకెలు తప్పక చదవండి. ఒకటి ఇన్‌కమింగ్ బ్యాండ్‌విడ్త్, అంటే అన్ని కెమెరాల నుంచి కలిపి ఎంత డేటా తీసుకోగలదన్నది. 8 మెగాపిక్సెల్ కెమెరాలు ఎనిమిది, ఒక్కొక్కటి 8 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) పంపితే మొత్తం 64 అవుతుంది. డబ్బా మీద 60 అని ఉంటే చాలదు. రెండోది మొత్తం పీఓఈ వాట్లు. ఒక్కో పోర్టు 15.4 వాట్లు ఇవ్వగలిగినా అన్నీ ఒకేసారి అంత ఇస్తాయని కాదు.

హార్డ్ డిస్క్ లెక్క అందరూ తప్పేదే. 4 ఎంబీపీఎస్ కెమెరా రోజంతా రాస్తే 43.2 జీబీ. నాలుగు కెమెరాలు, 30 రోజులకు 5.2 టీబీ కావాలి. వీడియోను ఇంకా కుదించే హెచ్.265 పద్ధతితో బిట్‌రేట్ (సెకనుకు వచ్చే డేటా) 2 ఎంబీపీఎస్‌కి దిగితే అందులో సగం. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు 30 రోజుల ఫుటేజీ ఉంచాలని 2013 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చట్టం చెబుతుంది కాబట్టి హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, పెద్ద షాపులు 1 టీబీతో సరిపెట్టుకోలేవు. డెస్క్‌టాప్ డిస్క్ వద్దు. డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి రాత్రింబవళ్లు ఆగకుండా రాయడానికి చేసినవి.

అద్దె గదికైతే మెమరీ కార్డు పెట్టే వైఫై కెమెరా చాలు. దుకాణానికి మాత్రం నమ్మొద్దు. దొంగ కెమెరా పీక్కుపోతే రికార్డింగ్ కూడా దానితోనే పోతుంది. అదే కారణంతో ఎన్‌వీఆర్‌ని కౌంటర్ కింద పెట్టకండి. గాలి ఆడే, తాళం వేసిన చోట పెట్టించండి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్‌కి మారే క్షణంలో రికార్డర్ రీస్టార్ట్ అవుతుంటే ఇన్వర్టర్ వెనుక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. లేకపోతే చిన్న యూపీఎస్ విడిగా పెట్టాలి. పీఓఈ ఎన్‌వీఆర్ అయితే కెమెరాలన్నీ కూడా ఆ యూపీఎస్ మీదే నడుస్తాయి. ఇంటర్నెట్ పోయినా రికార్డింగ్ ఆగదు, ఫోన్‌లో చూడడమే ఆగుతుంది.

కొనేటప్పుడు కెమెరాకు ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ) ధ్రువీకరణ ఉందా అని అడగండి, 2025 ఏప్రిల్ 9 నుంచి అది తప్పనిసరి. టెక్నీషియన్ వెళ్లేలోపు అతని ముందే పాస్‌వర్డ్ మార్చి, టైమ్ జోన్ 5:30కి పెట్టి, అప్పటికి రికార్డయిన ఫుటేజీ పది నిమిషాలు పెన్‌డ్రైవ్‌లోకి తీయించుకోండి. గడియారం తప్పుగా ఉంటే ఆ వీడియో ఏ సమయానిదో పోలీసులకు చెప్పడం కష్టం. కోర్టుకు ఇవ్వాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద హ్యాష్ విలువతో (ఫైల్ మారలేదని చూపే అక్షరాలు, అంకెల వరుస) ధ్రువపత్రం కావాలి, కాబట్టి అసలు ఫైల్‌ని వాట్సాప్‌లో పంపి చెరిపేయకుండా రికార్డర్ నుంచి తీసినదాన్ని అలాగే ఉంచండి.