నలభై రెట్లు వేగం అన్నారు, స్కాటర్ లెక్కే మానేశారు: రేడియోగ్రఫీ సిమ్యులేషన్ కొనేవాళ్లు జాగ్రత్త

వెల్డులోంచి కిరణాలు పంపితే ఫిల్మ్ మీద బొమ్మ ఎలా పడుతుందో కంప్యూటర్లో ముందే లెక్కేసి చూపించేది రేడియోగ్రఫీ సిమ్యులేషన్. మేం వాడుతున్న అలాంటి ప్యాకేజీకే అదనంగా ఒక 'వేగం ప్యాక్' కొన్నాం. కంపెనీ పేరు రాయను. నలభై రెట్లు వేగం, పదిహేనో వంతు మెమరీ అన్నారు. డెమోలో 6 మి.మీ. అల్యూమినియం ప్లేటు పెట్టి చూపించారు. రెప్ప వేసేలోగా బొమ్మ వచ్చేసింది. మా పీసుతో (మేం పరీక్షించే లోహపు ముక్కతో) చూపించండి అని అక్కడే అడగాల్సింది. అడగలేదు, సంతకం పెట్టేశాం.

మా పని 50 మి.మీ. స్టీల్ వెల్డు, కిరణాలకి ఇరిడియం-192 అనే రేడియోధార్మిక సోర్సు. సిమ్యులేషన్ చెప్పిన ఎక్స్‌పోజర్ ఇచ్చి తీస్తే ఫిల్మ్ నల్లగా మాడిపోయింది. డెవలపర్ వేడెక్కిందేమోనని డార్క్‌రూమ్‌లో కుర్రాణ్ణి నాలుగు మాటలన్నాను (తర్వాత క్షమాపణ చెప్పుకున్నాను లెండి). టైమ్ తగ్గించి మళ్లీ తీశాం. ఈసారి డెన్సిటీ (ఫిల్మ్ నలుపు) సరిపోయింది కానీ, సిమ్యులేషన్ తెర మీద స్పష్టంగా కనిపించిన పెనెట్రామీటర్ (బొమ్మ నాణ్యత చూడ్డానికి పీసు మీద పెట్టే సన్నని తీగల వరస) తీగ ఫిల్మ్‌లో లేదు. దాని పక్కన ఉన్న లావు తీగ కూడా లేదు.

రెండు రోజులు సెట్టింగులన్నీ తవ్వితే దొరికింది. 'స్కాటర్: ఆటో' అని ఒక గడి. స్కాటర్ అంటే లోహంలో దారి తప్పి చెదిరి ఫిల్మ్ మీద పడే కిరణాలు. ఆటో అంటే ఏమిటో మాన్యువల్ చివర్లో ఒక్క వాక్యం ఉంది: మెమరీ చాలకపోతే స్కాటర్ లెక్క వదిలేస్తుంది. తెర మీద ఒక్క హెచ్చరిక కూడా రాదు!

నేరుగా వచ్చే కిరణాల లెక్క చవక. పిక్సెల్‌కి ఒక గీత గీసి, దారిలో ఎంత మందం ఉందో చూసుకుంటే అయిపోతుంది. ఇరిడియానికి సుమారు 13 మి.మీ. స్టీలు దాటేసరికి సగం పోతుంది, 50 దాటేసరికి దాదాపు పదిహేనో వంతే మిగులుతుంది. అంత మందంలో ఫిల్మ్‌కి చేరేవాటిలో చెదిరి వచ్చేవే ఎక్కువ. చెదిరినవి నేరుగా వచ్చినవాటికి రెండింతలుంటే తీగ కాంట్రాస్టు మూడో వంతుకి పడిపోతుంది. ఈ భాగం లెక్కకి మాంటే కార్లో (పాచికలు వేసినట్టు యాదృచ్ఛిక అంకెలతో లెక్కేసే పద్ధతి) కావాలి, ఫోటాన్లను, అంటే కిరణాల రేణువులను, ఒక్కొక్కటిగా వెంబడించాలి. నాయిస్ సగం చెయ్యాలంటే ఫోటాన్లు 4 రెట్లు, పదో వంతు చెయ్యాలంటే 100 రెట్లు. సమయమంతా తినేది ఇదే. దీన్ని తీసేస్తే నలభై రెట్లేం ఖర్మ, ఎంతైనా వస్తుంది.

నిజాయితీగా వేగం తెచ్చే పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. స్కాటర్ బొమ్మ నునుపుగా ఉంటుంది కాబట్టి దాన్ని పెద్ద గడుల్లో లెక్కేసి మధ్య విలువలు నింపుకోవచ్చు. మెమరీ సంగతికొస్తే, 4096×4096 బొమ్మ సింగిల్ ప్రెసిషన్‌లో (అంకెకి 4 బైట్లు) 64 ఎంబీ. వంద ఎనర్జీలకి విడివిడిగా దాచుకుంటే 6 జీబీ దాటుతుంది, వచ్చింది వచ్చినట్టు కూడుకుంటూ పోతే ఆ 64 ఎంబీయే చాలు. ఇలాంటివి చేసుంటే నేనీ పోస్టు రాసేవాణ్ణే కాదు.

వీళ్లు మెమరీ తగ్గించిన తీరు వేరు. 250 మి.మీ. ఘనాన్ని 0.1 మి.మీ. గడులుగా కోస్తే, గడికి 4 బైట్ల లెక్కన 62 జీబీ పైచిలుకు. 0.25 గడులు చేస్తే 4 జీబీ. అదీ ఆ పదిహేనో వంతు రహస్యం. మేం మోడల్లో పెట్టిన లోపం 0.1 మి.మీ. లాక్ ఆఫ్ ఫ్యూజన్, అంటే వెల్డు అతుక్కోకుండా మిగిలిన సందు. గడి మధ్యబిందువు స్టీల్లో పడితే గడంతా స్టీలే అనుకుంటుంది, కాబట్టి లోపం మాయం. లోపాన్ని చూడ్డానికి కొన్న సాఫ్ట్‌వేర్ లోపాన్నే మింగేసింది.

స్కాటర్ బలవంతంగా ఆన్ చేసి, పీసు చిన్నది చేసి రాత్రంతా నడిపాం. పొద్దున చూస్తే, నేరుగా బీమ్ పడే ఖాళీ చోట గడులన్నిట్లోనూ ఒకటే అంకె: 1,67,77,216. అంటే రెండు పవర్ 24. సింగిల్ ప్రెసిషన్‌లో ఆ అంకె దగ్గర ఒకటి కలిపినా విలువ కదలదు. కౌంటర్ అక్కడే గడ్డకట్టింది, ఫోటాన్లు మాత్రం తెల్లారేదాకా వచ్చి పడుతూనే ఉన్నాయి.

సపోర్టుకి రాస్తే 'అది డిజైన్ ప్రకారమే' అన్నారు. డబ్బు వెనక్కి రాదట, ఒప్పందంలో వేగం గురించే ఉంది గానీ కచ్చితత్వం గురించి ఒక్క ముక్కా లేదట. చదివి చూశాను, నిజమే.

మీరు డెమోకి వెళ్తే మీ మందం, మీ సోర్సు, మీ పెనెట్రామీటర్ పట్టుకెళ్లండి. ఒక స్టెప్ వెడ్జ్ (మెట్లు మెట్లుగా మందం పెరిగే లోహపు ముక్క) ఫిల్మ్ ముందే తీసి పెట్టుకుని, దాని డెన్సిటీలు వాళ్లకి చెప్పకుండా లెక్కెయ్యమనండి. స్కాటర్ ఆన్‌లో ఉన్నప్పటి టైమింగ్ మాత్రమే రాసుకోండి. గడి సైజు ఎంతో, అది ఎవరు నిర్ణయిస్తారో అడగండి. కౌంటర్ డబుల్ ప్రెసిషనా (అంకెకి 8 బైట్లు) కాదా అన్నదీ అడగండి, సేల్స్ మనిషికి తెలియకపోతే తెలిసినవాణ్ణి ఫోన్లోకి రమ్మనండి.

మేమిప్పుడు మళ్లీ పాత పద్ధతికే వచ్చాం. సాయంత్రం ఉచితంగా దొరికే జియాంట్4 అనే మాంటే కార్లో సాఫ్ట్‌వేర్లో లెక్క పెట్టి ఇంటికెళ్తాం, పొద్దున్నే ఫలితం చూసుకుంటాం. వేగం ప్యాక్ లైసెన్సుకి ఇంకా ఏడు నెలల గడువుంది.