ఆరు లక్షల్లో హుషారైన కారు: బెంగళూరు, కోయంబత్తూరు తిరిగి కొన్న అనుభవం

ఆరు లక్షలకు కొత్త కారు కొంటే ఇంటి అవసరాలు తీరతాయి, అంతవరకే. అదే డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో ఓపిగ్గా వెతికితే, మలుపు కనిపించగానే మనసు ఉరకలేసే బండి దొరుకుతుంది. రెండు సీట్ల అసలు సిసలు స్పోర్ట్స్ కారు ఈ ధరలో మనకు అందదు. ఎక్కడైనా పాత జర్మన్ కన్వర్టిబుల్ దొరికినా, ఒక్క పెద్ద రిపేరుకే సగం బడ్జెట్ ఊడ్చుకుపోతుంది. అందుకే చిన్న టర్బో పెట్రోల్ కార్ల (ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టి బలం పెంచేవి) మీదే దృష్టి పెట్టాను: ఫియట్ అబార్త్ పుంటో, ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ, బలెనో ఆర్‌ఎస్, టియాగో జేటీపీ. నాలుగూ తయారీ ఆగిపోయినవే. కాబట్టి కారు ఎంత బాగుంది అన్నదానితో పాటు, రేపు దాన్ని ఎవరు బాగుచేస్తారు అన్నది కూడా చూసుకోవాలి.

బయలుదేరే ముందే హైదరాబాద్‌లో నాకు తెలిసిన మెకానిక్ దగ్గర కూర్చుని ఈ లిస్టు చెప్పాను. "అన్నా, ఫియట్ తెస్తే నేను చూసుకుంటా. రాణిగంజ్‌లో దొరకని పార్టు పుణె నుంచి తెప్పిస్తా. డీఎస్‌జీ బండి మాత్రం నా దగ్గరికి తేకు" అన్నాడు. డీఎస్‌జీ అంటే పోలో జీటీలో ఉండే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఈ ఒక్క మాట నాకు ఎంత డబ్బు మిగిల్చిందో తర్వాత అర్థమైంది. కారు ఖరీదు ఐదు లక్షలు దాటకూడదని, మిగతాది టైర్లు, బెల్టులు, రిజిస్ట్రేషన్ కోసం ముట్టుకోకూడదని అప్పుడే అనుకున్నాను.

కాచిగూడలో మైసూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే బెంగళూరు. మెజెస్టిక్ దగ్గర లాడ్జిలో దిగాను. గది ఇరుకు, తెల్లారకముందే బస్సుల హారన్లు మొదలు. అయినా కార్లు చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఆ చోటే మంచిది. పర్పుల్, గ్రీన్ మెట్రో లైన్లు రెండూ అక్కడే కలుస్తాయి కాబట్టి ట్రాఫిక్‌లో రోజంతా వృథా కాదు. అమ్మేవాళ్లను పొద్దున్న ఏడులోపే కలుస్తానని అడగండి, నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని కూడా చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. చల్లగా ఉంటేనే మొదటి స్టార్ట్‌లో వచ్చే శబ్దం, పొగ నిజం చెబుతాయి.

మొదట చూసింది పోలో జీటీ టీఎస్‌ఐ. 1.2 లీటర్ల ఇంజిన్, 105 పీఎస్ పవర్, ఏడు గేర్ల డీఎస్‌జీ. తలుపు వేస్తే వచ్చే గట్టి చప్పుడు, రోడ్డు మీద ఆ నిలకడ నాకు చాలా నచ్చాయి. కానీ ఆ గేర్‌బాక్స్‌లో ఉన్నది డ్రై క్లచ్, అంటే ఆయిల్‌లో మునిగి ఉండనిది. ఆగుతూ సాగుతూ వెళ్లే సిటీ ట్రాఫిక్‌లో అది త్వరగా అరుగుతుంది, గేర్లు మార్చే మెకట్రానిక్స్ యూనిట్ పోతే లక్షల్లో మాట. ఈ బండి అయితే మొదటి నుంచీ సిటీలోనే తిరిగింది. 2020లో వచ్చిన 1.0 లీటర్ జీటీకి మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఇచ్చారు, ఆ టెన్షన్ ఉండదు, కానీ అది నా బడ్జెట్‌కి మించింది.

తర్వాత ఒక సెకండ్ హ్యాండ్ షోరూమ్‌లో బలెనో ఆర్‌ఎస్. మెరిసిపోతోంది. పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టి చూస్తే మిగతా బాడీ అంతా 110 మైక్రాన్ల దగ్గరే ఉంది, ఎడమవైపు వెనక మడ్‌గార్డ్ మీద మాత్రం 600 దాటింది, అంటే అక్కడ పుట్టీ పెట్టి మళ్లీ రంగు వేశారన్నమాట. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ తీయించాను. వెల్డింగ్ చుక్కలు ఉండాల్సిన చోట బ్రష్‌తో పూసిన సీలెంట్, దాని మీద కొత్త రంగు. సేల్స్‌మన్ "సర్టిఫైడ్ బండి సార్" అని కాగితం చూపించాడు. కారు పాతదైతే ఒప్పుకోవచ్చు, దెబ్బ దాచిపెడితే మాత్రం ఒప్పుకోకూడదు. అక్కడి నుంచి వచ్చేశాను.

ఇన్‌స్పెక్షన్ సర్వీసుల గురించి వివరంగా చెప్పాలి. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే వచ్చిన మనిషి ఫొటోలు, టిక్కులతో రిపోర్ట్ ఇచ్చాడు, కానీ బండిని పైకెత్తి చూడలేదు. అదే మామూలు గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కించి, స్కానర్ పెట్టి, టర్బో పైపులకు ఆయిల్ పట్టిందేమో చేత్తో తడిమి చూశారు. నా ఓటు గ్యారేజీకే. ఓనర్‌ను వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్తే పాత జాబ్‌కార్డులు కూడా చూడొచ్చు. కిలోమీటర్ల రీడింగ్ వెనక్కి తిప్పారో లేదో అక్కడే తేలిపోతుంది.

కంటోన్మెంట్ స్టేషన్‌లో మధ్యాహ్నం వందేభారత్ ఎక్కితే రాత్రికి కోయంబత్తూరు. దేశంలో తొలి ఫార్ములా వన్ డ్రైవర్ నరేన్ కార్తికేయన్ ఊరు అది. కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నదీ అక్కడే. రేసింగ్ ఉన్న ఊళ్లో ఇలాంటి కార్లను ప్రేమగా చూసుకునేవాళ్లు, చెయ్యి తిరిగిన మెకానిక్‌లు దొరుకుతారు. గాంధీపురంలో అద్దె తక్కువే గానీ బస్టాండ్ గోల ఎక్కువ. ఆర్.ఎస్.పురంలో కాస్త ఎక్కువైనా ప్రశాంతంగా నిద్రపోవచ్చు, టిఫిన్లకు నడిచి వెళ్లొచ్చు.

టియాగో జేటీపీని టాటాతో కలిసి తయారుచేసిన జయేమ్ సంస్థ ఈ ఊరిదే. 2018లో ఆరున్నర లక్షల లోపు ధరకు 114 పీఎస్ ఇచ్చిన కారు అది. తేలికగా, చురుగ్గా పరుగెడుతుంది. అయితే దాని బంపర్లు, బానెట్, సస్పెన్షన్ ప్రత్యేకం. రేపు చిన్న గుద్దుడు తగిలినా వాటి కోసం వెతుకులాట తప్పదు. ధర కూడా తగ్గలేదు.

ఇక అబార్త్ పుంటో. అమ్మే ఆయన కుటుంబం తరాలుగా అక్కడే ఉంటోంది. ఇంట్లో తెలుగే, చదవడం రాయడం మాత్రం తమిళంలో. మాట కలిసేసరికి బేరం కంటే ముందు కాఫీ వచ్చింది. 1.4 లీటర్ టీ-జెట్ ఇంజిన్, 145 బీహెచ్‌పీ, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. ఆయన తెచ్చిన ఫైల్లో ప్రతి ఆయిల్ మార్పిడికీ బిల్లు ఉంది, తేదీల వారీగా గుచ్చి మరీ పెట్టారు. టైమింగ్ బెల్ట్ బిల్లు మాత్రం లేదు. అడిగితే "మార్చలేదు, అది మీరే మార్పించుకోవాలి" అని ఉన్నదున్నట్టు చెప్పి, ధర తగ్గించారు. నీలంబూరు నుంచి మదుక్కరై వైపు బైపాస్ మీద నడిపాను. తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) బద్ధకంగా ఉంటుంది. రెండు వేలు దాటాక వెనక నుంచి ఎవరో తోసినట్టు లాగుతుంది. హైడ్రాలిక్ స్టీరింగ్ బరువుగా, నిజాయతీగా ఉంది, రోడ్డు మీద ప్రతి గరుకూ వేళ్లకు తెలుస్తుంది. పెడల్స్ మాత్రం దగ్గరదగ్గరగా ఉన్నాయి, వెడల్పాటి బూట్లు వేసుకునేవాళ్లకు ఇబ్బందే. 2019లో ఫియట్ మన మార్కెట్ వదిలేసినా, ఇదే ఇంజిన్ కుటుంబం లీనియా టీ-జెట్‌లోనూ ఉండటంతో చాలా విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి. అదే కొన్నాను.

వేరే రాష్ట్రంలో కొనేవాళ్లు కాగితాల పనికి తీరిక పెట్టుకోండి. పేరు మార్పిడికి ఫారం 29, 30, ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదనే పత్రం) కోసం ఫారం 28, లోన్ ఉండి ఉంటే అది తీరిందని ఫారం 35. పాత చలాన్లు పరివాహన్ సైట్‌లో చూసుకోవాలి. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో మన పేరుకి మార్చుకోవాలి. నేనైతే బయలుదేరే ముందే మార్పించాను. ఓనర్ తన ఫాస్టాగ్ క్లోజ్ చేయకపోతే ఆ బండికి మన పేరు మీద కొత్తది రాదు, ఆ పని ఆయన ముందే కూర్చుని చేయించుకోవడం మంచిది.

తిరుగు ప్రయాణంలో అవినాశి, సేలం దాటాక తొప్పూరు ఘాట్. దిగేవైపు లారీల ప్రమాదాలతో పేరుపడ్డ రోడ్డు, ఎక్కేవైపు మాత్రం మూడో గేర్‌లో ఈ కారు తడబడకుండా లాక్కెళ్లింది. టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. రాత్రి ప్రయాణం వద్దనుకుని హోసూరులో ఆగాను. హైవే పక్క లాడ్జి తీసుకునేవాళ్లు గది కంటే ముందు పార్కింగ్ చూడండి. గేటు, వాచ్‌మన్ ఉన్నచోటే దిగాను. మర్నాడు అనంతపురం, కర్నూలు మీదుగా ఇంటికి.

వచ్చిన వెంటనే టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించాను. టైర్ల పక్కన తయారీ వారం, సంవత్సరం తెలిపే నాలుగు అంకెలు అవి 2017 నాటివని చెప్పడంతో, అరుగుదల పెద్దగా లేకపోయినా నాలుగూ తీయించేశాను. ఎన్‌ఓసీ పోస్టులో వచ్చింది. లైఫ్ ట్యాక్స్ కట్టి టీజీ నంబర్ తీసుకోవడమే మిగిలింది, పక్కన పెట్టిన డబ్బు దానికి సరిపోతుంది.