ఆక్షన్ డిరెక్ట్ చూడబోతే 145 యూరోల గది

2025 అక్టోబరులో నేను, నా భార్య, న్యూరెంబర్గ్‌లో చదువుకుంటున్న మా బావమరిది కలిసి, బండలెక్కే క్రీడలో పేరొందిన ఆక్షన్ డిరెక్ట్ అనే మార్గాన్ని చూడటానికి జర్మనీలోని సున్నపురాయి బండల ప్రాంతమైన ఫ్రాంకెన్‌యూరాకు వెళ్లాము. ముగ్గురికీ అప్పట్లో నెలకు 58 యూరోలైన డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతటా ప్రాంతీయ రైళ్లలో చెల్లే నెలవారీ పాసు) ఉన్నందున రైలుకు వేరే ఖర్చు కాలేదు. పెగ్నిట్జ్ నది ఒడ్డున ఉన్న నోయ్‌హౌస్‌లో సుఖంగానే దిగాము.

బస మాత్రం మమ్మల్ని మోసగించింది. ముగ్గురికి 78 యూరోలని చూసి తీసుకున్న గదికి, తీరా తలుపు దగ్గర నిలబడ్డాక దుప్పట్లకు, తువ్వాళ్లకు తలకు 9, మూడో మంచానికి 15, శుభ్రతకు 25 కలిపి 145 యూరోలు అడిగారు. అదీ నగదుగానే కావాలన్నారు. ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, యజమానురాలు ఒప్పంద పత్రంలో అడుగున ఉన్న చిన్న అక్షరాల వైపు వేలు చూపి లోపలికి వెళ్లిపోయారు. బావమరిది చీకట్లో రెండు కిలోమీటర్లు నడిచి ఏటీఎం నుంచి డబ్బు తెచ్చాడు. రాత్రి పది దాటగానే హీటరు ఆగిపోయింది. "ఏమండీ, కోటు వేసుకుని పడుకోవడానికా ఇంత డబ్బు కట్టాము?" అని నా భార్య అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం ఊరి భోజనశాలలో 12.50 యూరోలకు తిన్న బంగాళదుంప ఉండలూ అడవి పుట్టగొడుగుల పులుసూ ఒక్కటే ఊరట.

మరునాడు క్రోటెన్‌సే అడవిలోని వాల్డ్‌కోఫ్ బండ దగ్గరకు వెళ్లాము. బండలెక్కే మార్గాల కష్టాన్ని కొలిచే ఫ్రెంచి కొలమానంలో, ప్రపంచంలో తొలి 9ఎ స్థాయి మార్గంగా పేరొందిన ఆక్షన్ డిరెక్ట్ అక్కడే ఉంది. జర్మన్ క్రీడాకారుడు వోల్ఫ్‌గాంగ్ గ్యులిష్ దానిని మొదటిసారి 1991లో అధిరోహించాడు. ఎత్తు 15 మీటర్లే అయినా బండ మన మీదికి వాలి ఉంటుంది. మొదటి కదలికలోనే ఎగిరి, ఒకటి రెండు వేళ్లే పట్టే గుంటను అందుకోవాలి. ఆ వేళ్ల బలం కోసమే ఆయన న్యూరెంబర్గ్‌లోని వ్యాయామశాలలో, కాళ్ల ఆసరా లేకుండా చేతులతోనే ఎక్కే చెక్కపట్టీల పలకను రూపొందించాడు. నేడు ప్రపంచమంతటా వాడే క్యాంపస్ బోర్డు అదే. మరుసటి ఏడే ఆయన కారు ప్రమాదంలో మరణించాడు. ఈ మార్గాన్ని ఎక్కిన తొలి మహిళ మెలిస్సా లె నెవే, అది 2020లో. నడుమ గడిచిన ఇరవై తొమ్మిదేళ్లే దీని కాఠిన్యానికి సాక్ష్యం.

నీరు సున్నపురాయిని కరిగించి చేసిన ఆ గుంటలను చూస్తుంటే, చిన్నప్పుడు నాన్నగారితో కలిసి చూసిన బెలుం గుహల గోడలు గుర్తుకు వచ్చాయి. రాత్రంతా ముభావంగా ఉన్న బావమరిది కింది పట్టులో రెండు వేళ్లు పెట్టి, బరువు మోపబోయి, వెంటనే తీసేశాడు. "బావా, దీని మీద మనిషి వేలాడాడా?" అన్నాడు. అరగంట సేపు అక్కడి నుంచి కదలలేదు. చూడటానికి టికెట్ లేదు, కాపలా లేదు. పైన, ఎక్కేవారు తాడు తగిలించుకునే బోల్టులు మాత్రం వరుసగా కనిపిస్తాయి.

న్యూరెంబర్గ్ నుంచి రైలులో గంటలోపు ప్రయాణమే గనుక వెళ్లేవారు పొద్దున్నే బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావడం మంచిది. రాత్రి ఉండక తప్పకపోతే, దుప్పట్లతో సహా మొత్తం ఎంతో ముందుగా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. నగదు దగ్గర ఉంచుకోండి.