పాత జాన్సన్ 25 పడవ మోటారు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మోటారు మంచిదే, మొండిది కూడా. కానీ దాని మోడల్ నంబరు కళ్లతో చూశాకే డబ్బులివ్వండి.

హుస్సేన్ సాగర్‌లో పిల్లలు సెయిలింగ్ నేర్చుకునేటప్పుడు పక్కన తిరిగే సేఫ్టీ బోటుకి మేం చాలా కాలంగా ఇదే వాడుతున్నాం. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. అమ్మినాయన "నలభై హార్స్‌పవర్ అనుకోండి సార్" అన్నాడు, హుడ్ (ఇంజను పై కవరు) మీద స్టిక్కరేమో 35 అంటోంది, లోపలున్నది తీరా చూస్తే 25. ఈ రకంలో 25కీ 35కీ ఒకే హుడ్ పట్టేస్తుంది, ఎప్పుడో ఎవరో మార్చేసి ఉంటారు. అందుకే స్టిక్కరు, రంగు చూసి పార్టులు ఆర్డరు చేయొద్దు.

నంబరు ఉండాల్సింది పడవకి బిగించే బ్రాకెట్ మీది రేకు మీద. మాదానికి ఆ రేకు ఊడిపోయి రివెట్ల బొక్కలే మిగిలాయి. ఏం టెన్షన్ పడక్కర్లేదు, హుడ్ తీస్తే ఇంజను బ్లాకుకి పెద్ద నాణెమంత గుండ్రటి మూత ఒకటి దిగ్గొట్టి ఉంటుంది, దాని మీదా అదే నంబరు గుద్ది ఉంటుంది. కిరోసిన్, పాత టూత్‌బ్రష్‌తో జిడ్డు వదిలించి, కాస్త ముగ్గుపిండి రుద్ది, ఫోన్ టార్చ్ పక్కనుంచి వేస్తే అక్షరాలు తెల్లగా తేలాయి: జె25ఆర్‌సిఓ. జె అంటే జాన్సన్, 25 హార్స్‌పవర్, ఆర్ అంటే తాడు లాగి స్టార్ట్ చేసేది. ఆ తర్వాతి సి, ఓ అక్షరాల్లోనే తయారైన సంవత్సరం దాగుంది. 1980 నుంచి ఈ కంపెనీ 'ఇంట్రడ్యూసెస్' అనే పదాన్ని వాడింది: ఐ 1, ఎన్ 2, టి 3, ఆర్ 4, ఓ 5, డి 6, యు 7, సి 8, ఇ 9, ఎస్ 0. అంటే మాది 85 మోడల్.

ఇది తెలిశాక దారులన్నీ తెరుచుకున్నాయి. జాన్సన్, ఎవిన్‌రూడ్ రెండూ ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ వాళ్లవే, లోపల ఇంజను ఒకటే, కాబట్టి అదే సంవత్సరం ఎవిన్‌రూడ్ 25 పార్టులు కూడా వెతకొచ్చు. ఆ కంపెనీ 2000లో దివాలా తీసింది, తర్వాత కొన్నవాళ్లు 2020లో ఎవిన్‌రూడ్ తయారీ కూడా ఆపేశారు. అయినా పార్ట్ నంబర్లున్న బొమ్మలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, సియెరా లాంటి పార్టుల కంపెనీల ఇంపెల్లర్ (ఇంజను చల్లబడటానికి నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం) కిట్లూ ఉన్నాయి. మాన్యువల్ మాత్రం కంపెనీ వేసిన ఆ ఏడాదిదే కొనండి. పాతికేళ్ల మోడళ్లన్నీ ఒకే పుస్తకంలో కలిపేసినవి చదివితే మన మోటారు ఏ పేరాలో ఉందో తేల్చుకోవడానికే సాయంత్రం అయిపోతుంది.

మన చెరువులో అసలు పరీక్ష ఇంపెల్లరుకే. బురద నీళ్లు, ప్రొపెల్లరుకి చుట్టుకునే ప్లాస్టిక్ కవర్లు, గుర్రపుడెక్క. వెనకనుంచి చిమ్మే నీటిధార సన్నబడితే వెంటనే ఆపండి. ఇంపెల్లర్ చూడాలంటే కింది గేర్‌కేస్ దించాలి, దించే ముందు గేర్ రాడ్ ఎక్కడ విప్పాలో మాన్యువల్లో చూసుకోండి. మాది విప్పితే రబ్బరు రెక్కలన్నీ ఒకే వైపు వంగి బిగుసుకుపోయి ఉన్నాయి. కొత్తది పెట్టేటప్పుడు షాఫ్ట్‌ని క్లాక్ తిరిగే వైపు తిప్పుతూ దించాలి, ఇంపెల్లర్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే బుల్లి కీ జారిపోకుండా గ్రీజు అద్ది పెట్టండి.

ఇంపెల్లర్ సికింద్రాబాద్ రాణీగంజ్ బజార్లో అడిగితే పంపుసెట్‌వి చూపిస్తారు. అయితే ఫ్యూయల్ పైపు, క్లిప్పులు, స్టెయిన్‌లెస్ బోల్టులు అక్కడే తెచ్చుకున్నాం. ఇది అమెరికా మోటారు, బోల్టులన్నీ అంగుళాల లెక్క. మిల్లీమీటర్ల బోల్టు బలవంతంగా ఎక్కిస్తే అల్యూమినియంలో థ్రెడ్ పోతుంది.

పెట్రోల్లో కలిపే ఆయిల్ లీటరుకి 20 మి.లీ., అదీ పడవ మోటార్లకి చేసే టిసి-డబ్ల్యు3 రకమే, బైకులకి వాడే 2టి ఆయిల్ వద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరుకి అది పడదు, పైపులు మార్చేయండి. పని అయ్యాక మోటారు నీళ్లలో ఉండగానే పైపు పీకి, కార్బొరేటర్లో మిగిలింది అయిపోయి ఆగేదాకా నడవనివ్వండి.